తొమ్మిదో గిన్నె

నంద్యాల,
జూలై 8.

చందనా,

ఈ ఉదయం గ్రేడింగ్ షెడ్డు తలుపు తీసేసరికి, ఆగిపోయిన బెల్టు మీద ఒక పిచ్చుక నడుస్తోంది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి, ఏమీ దొరక్క, మళ్లీ వెనక్కి వచ్చింది. లోపలికి వెళితే ఎగిరిపోతుందని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

షెడ్డు మూసేసి కొన్నాళ్లయింది. శనగ విత్తనాల్లో పుచ్చులు ఏరే పని ఇకమీద వేరే ఊళ్లో మెషిన్లతో చేయిస్తారట. ఇక్కడ ఏరేవాళ్లందరినీ తీసేశారు. అయితే వాళ్లకు వేరే పని చూపిస్తామని షెడ్డు నడిపిన కంపెనీ మాట ఇచ్చి, అందుకోసం హైదరాబాద్ ఏజెన్సీని ఒకదాన్ని పెట్టింది. ఆ ఏజెన్సీకి ఇక్కడ రాతపని చేసే మనిషి కావలసి వస్తే నేను చేరాను. షెడ్డు పక్క గదే మా ఆఫీసు. బోర్డు మీద ‘పునరుపాధి సహాయ కేంద్రం’ అని ఉంది. వచ్చేవాళ్లు ‘పని సూపిచ్చే రూము’ అంటారు.

నా పని ఒక్కొక్కరికీ బయోడేటా రాయడం, తర్వాత మిల్లులకు ఫోన్ చేసి ఖాళీలు అడగడం. మొదటిది చేయగలను. రెండోది నావల్ల ఎట్లా అవుతుందో నీకు తెలుసు. హాస్టల్లో పక్క మంచం మీదున్న నీకు కూడా చీటీలే రాసేదాన్ని. వార్డెన్ సిస్టర్ దగ్గర సెలవు అడగాలంటే నా తరఫున నువ్వే వెళ్లేదానివి.

మొన్న ఏజెన్సీ నుంచి సందీప్ అనే ట్రైనర్ వచ్చి, ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలో నేర్పాడు. నరసమ్మ అనే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, “మీ బలహీనత ఏమిటమ్మా?” అని అడిగాడు.

“మోకాళ్లు సార్. మెట్లెక్కల్యాను.”

“అట్లా చెప్పకూడదమ్మా.”

“మళ్ల నువ్వే అడిగితివి గదప్పా?”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత ఎవరికి వాళ్లు విడిగా పనులు చూసుకోవాలని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. “మేం తొమ్మిది మందిమి సార్. పోతే అందరం పోతాం, ల్యాకుంటే లేదు” అంది నరసమ్మ. ఇన్నేళ్లూ వాళ్లు ఒకే బెల్టు మీద జట్టుగా పని చేశారు. ఒకరికి జ్వరమొస్తే మిగతావాళ్లు ఆమె వాటా ఏరతారు. వాళ్ల పద్ధతి అది.

తొమ్మిది మందిని ఒకేసారి తీసుకునేవాళ్లు నంద్యాలలో దొరకలేదు. మీ నాయన విత్తనాల మిల్లులో సీజన్ మొదలవుతోంది కదా. ఒకసారి అడుగుతావా? కేంద్రానికి ఒక నియమం ఉంది. మేము చూపించిన పని వద్దన్నా, అబద్ధం చెప్పి చేరారని ఎవరైనా వెనక్కి పంపినా, ఇక సాయం ఉండదు. అందుకే ముందు నిన్నే అడుగుతున్నాను.

నీ
షాలిని


ఆళ్లగడ్డ,
జూలై 16.

ఒసే షాలినీ,

ఫోన్ జేబులో పెట్టుకుని ఉత్తరాలు రాసే మనిషివి ఈ జిల్లాలో నువ్వొక్కదానివే ఉంటావు. పోస్ట్‌మాన్ కవరు ఇచ్చి, “కోర్టు నోటీసా తల్లీ?” అని అడిగాడు.

నాయనతో చెప్పాను. “జట్టు గిట్టు నాకొద్దు. ఎవురి పని ఎట్లుందో ఒక్కొక్కరిదీ సూస్తా. నచ్చినోళ్లను తీసుకుంటా” అన్నాడు. రావడానికీ పోవడానికీ మిల్లు వ్యాను పంపిస్తాం, దాని గురించి బెంగ వద్దు.

నీకొక సంగతి చెప్పాలి. ఈ సీజన్‌కు విత్తనం పాస్ చేసే పని నాయన నాకిచ్చాడు. బస్తా మీద కట్టే చీటీ మీద సంతకం నాదే. మా చిన్నాయన మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. “ఆడపిల్ల సంతకంతో విత్తనం అమ్ముతావా?” అన్నాడట. “ఒక్క సీజను సూద్దాం” అన్నాడట నాయన. ఆ ఒక్క సీజన్ ఇదే.

అందుకే అడుగుతున్నా. ఆ తొమ్మిది మందిలో పని చేయలేని ముసలివాళ్లెవరైనా ఉంటే ముందే చెప్పు. తర్వాత నాకు మాట రాకూడదు.

చందన


నంద్యాల,
జూలై 21.

చందనా,

మీ నాయనకు నా కృతజ్ఞతలు చెప్పు. నీ సంతకం గురించి చదివి సంతోషించాను.

తొమ్మిది మంది వస్తారు. రామలక్ష్మమ్మ అనే ఆమె అందరిలో పెద్దది. మిగతా ఎనిమిది మంది ఆమె లేకుండా రారు. ఆమె ఎన్నో ఏళ్లుగా ఈ పనిలోనే ఉంది.

వ్యాను ఎన్నింటికి వస్తుందో రాయి.

షాలిని


ఆళ్లగడ్డ,
ఆగస్టు 4.

షాలినీ,

నిన్న పరీక్ష అయింది. నువ్వు వచ్చి ఉంటే బాగుండేది.

షెడ్డులో పట్ట పరిచి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాం. ఒక్కొక్కరి ముందు సమానంగా శనగలు పోసి, ఒక్కొక్క స్టీలు గిన్నె ఇచ్చాం. మధ్యాహ్నందాకా ఏరి, పుచ్చులన్నీ ఎవరి గిన్నెలో వాళ్లు వేయాలి. ఆ తర్వాత గిన్నెలు నేనే తూచాను. ఎనిమిది గిన్నెలు ఇంచుమించు ఒకటే. తొమ్మిదోది మాత్రం అంచుదాకా నిండింది. ఎవరిదో చెప్పుకో. మీ రామలక్ష్మమ్మది!

నాయన ఆ గిన్నెను చేత్తో ఎత్తి చూశాడు. మా చిన్నాయనను పిలిచి, “ఈ ముసిలామె సెయ్యి సూడు, వయసోళ్లందర్నీ ఎనక్కి నెట్టింది” అన్నాడు. “చెయ్యి కాదు నాయనా, కన్ను” అన్నాను నేను.

అందరినీ తీసుకున్నాం. అయితే రామలక్ష్మమ్మను బెల్టు దగ్గర కూర్చోబెట్టడం అన్యాయమని నాయన ఆమెను శాంపిల్ గదికి వేశాడు. బస్తాలకెత్తే ప్రతి లాట్ సరుకు నుంచి ఒక పళ్లెం శనగలు ఆమె దగ్గరికి వెళ్తాయి. ఆమె చూసి బాగున్నాయంటే నేను సంతకం పెడతాను. గదిలో ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది.

ఆమె మాత్రం, “నాకొద్దు నాయనా, నేను ఈళ్లతోనే కూసుంటా” అంది. “బిడియపడాకమ్మా” అన్నాడు నాయన. పక్కనున్నవాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు. అసూయేమో.

నువ్వు పంపిన మనుషులని ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాను.

చందన


నంద్యాల,
ఆగస్టు 8.

చందనా,

ఉత్తరం అందింది. తొమ్మిది మందికీ పని దొరికిందని సందీప్ గారికి తెలియజేశాను. ఆయన చాలా సంతోషించారు. ఏజెన్సీ కంపెనీకి పంపే నివేదికలో ఆ తొమ్మిది మందితో నా ఫొటో కావాలన్నారు. వద్దన్నాను.

ఒక చిన్న మాట. రామలక్ష్మమ్మను బెల్టు దగ్గరే కూర్చోబెడితే మంచిది. ఆమెకు జట్టుతో కూర్చునే అలవాటు. గదిలో ఒంటరిగా ఉండలేదు. మొన్న ఇంటికి వచ్చాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని నరసమ్మ చెప్పింది. మీ నాయనతో ఎట్లాగైనా చెప్పు.

షాలిని


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 1.

షాలినీ,

నువ్వు రాసింది నాయనతో అన్నాను. నవ్వాడు. “ప్రమోషన్ ఇస్తే వద్దనేవాళ్లను ఈడనే సూస్తాండా” అన్నాడు. నాకూ ఆ మాటే అనిపించింది. నీకు ఆమె మీద అంత శ్రద్ధ ఎందుకో తెలియలేదు.

ఆమె బాగానే ఉంది. పళ్లెం ముందు పెడితే అటూ ఇటూ కదిపి, కాసేపు తల వంచుకుని, “బాగుండాయి తల్లీ” అంటుంది. ఇప్పటిదాకా ఒక్క లాట్ కూడా వెనక్కి పంపలేదు. జట్టు అంత బాగా ఏరుతోందన్నమాట. నేనూ అప్పుడప్పుడు చూస్తున్నాను. గింజలు నిజంగానే బాగున్నాయి.

కానీ ఒకటి గమనించాను. పళ్లెం తెచ్చి నేను మాట్లాడకుండా నిలబడితే, ఆమె నేనున్న వైపు కాకుండా తలుపు వైపు తిరిగి, “ఎవురూ?” అంటుంది. చెవుడేమో అనుకుంటున్నాను. మాత్రలేవైనా పంపించాలా?

చందన


నంద్యాల,
సెప్టెంబరు 6.

చందనా,

చెవుడు కాదు. మాత్రలు వద్దు.

ఇంకొక్కసారి అడుగుతున్నాను. ఆమెను బెల్టు దగ్గరికి మార్చు. కారణం అడగవద్దు.

షాలిని


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 25.

షాలినీ,

కారణం అడగవద్దంటే ఎట్లా? నేనిక్కడ చిన్నపిల్లల ఆట ఆడటం లేదు. ఒకరికి ఇచ్చిన పని తీసేస్తే మిల్లు మొత్తానికి కారణం చెప్పాలి. నీకు తెలిసినదేదో ఉంటే చెప్పు. లేదంటే ఆ మాట వదిలేయి.

ఇక్కడ ఊపిరాడటం లేదు. వానలు పడ్డాయి, రైతులు విత్తనం కోసం గేటు ముందు కూర్చున్నారు. ఉన్న సరుకు చాలక, కోవెలకుంట్ల గోదాము నుంచి పోయినేటి శనగలు తెప్పించాం. వాటిని అక్కడే ఎవరో కూలివాళ్లు ఏరి పంపారు. అవి కూడా మా శాంపిల్ గదికే వస్తున్నాయి. నిన్న మొదటి లాట్ వచ్చింది. రామలక్ష్మమ్మ బాగున్నాయంది. నేను చూసే తీరిక లేక సంతకాలు పెట్టేశాను. సోమవారం లారీ దొర్నిపాడు వెళ్తుంది. ఆ తర్వాత ఉయ్యాలవాడ.

వ్యాను డ్రైవర్ తిమోతి రోజూ నంద్యాల వస్తాడు. ఈసారి అతని చేతికే ఇస్తున్నా. పోస్టు కోసం ఆగే ఓపిక లేదు.

చందన


నంద్యాల,
ఆదివారం.

చందనా,

ఈ ఉదయం నీకొక ఫోన్ వచ్చింది. నువ్వు హలో, హలో అన్నావు. ఎవరూ మాట్లాడలేదు. అది నేనే. ఇంకొకరి ఫోన్ నుంచి చేశాను. చెప్పలేక పెట్టేశాను. రేపు పొద్దున తిమోతి వచ్చేసరికి ఈ ఉత్తరం పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంటాను.

దొర్నిపాడు లారీ ఆపు.

రామలక్ష్మమ్మకు కళ్లు కనపడవు. పూర్తిగా కాదు. వెలుగు తెలుస్తుంది. మనిషి అడ్డం వస్తే తెలుస్తుంది. పళ్లెంలో గింజ కనపడదు. ఇది పొర కాదు, ఆపరేషన్ చేస్తే వచ్చే చూపు కాదు. కంటి నరం ఎండిపోయిందని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పారు. చాలా రోజులుగా బెల్టు దగ్గర ఆమె వంతు ఎనిమిది మంది ఏరుతూ వచ్చారు. పాత కంపెనీలో ఎవరికీ తెలియలేదు.

మీ పరీక్ష రోజు కూడా అదే చేశారు. ఆమె వెనకబడకూడదని ఒక్కొక్కరూ ఒక పిడికెడు పుచ్చులు ఆమె గిన్నెలోకి జారవిడిచారు. ఎవరికి వాళ్లు తానొక్కతే వేస్తున్నానని అనుకున్నారు. ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి లేకుండా మీ నాయన ఎదురుగా ఉన్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె కుప్పలోవి కూడా ఏరి పెట్టారు. ఎనిమిది పిడికిళ్లు పడేసరికి గిన్నె నిండింది.

ఆరోజు సాయంత్రమే వాళ్లు నాకు చెప్పారు. మొదట నవ్వుకున్నారు. తర్వాత భయపడ్డారు. నేనూ భయపడ్డాను. చెబితే తొమ్మిది మందినీ పంపేస్తారు, కేంద్రం సాయం కూడా పోతుంది. ఏరేది జట్టే కాబట్టి చెడ్డ విత్తనం బయటికి పోదని నాకు నేను చెప్పుకున్నాను. కోవెలకుంట్ల సరుకు వాళ్లు ఏరింది కాదు. దాన్ని ఎవరూ చూడలేదు. నీ సంతకం మాత్రం ఉంది.

లారీ ఆపాక నన్ను ఏమైనా అను.

షాలిని


ఆళ్లగడ్డ,
అక్టోబరు 1.

షాలిని గారికి,

నీ ఉత్తరం వచ్చేసరికి లారీకి తాళ్లు కడుతున్నారు. విప్పించాను. మొదటి బస్తా కోసి పళ్లెంలో పోస్తే, కప్పు టీ తాగేంతసేపట్లో పుచ్చులు గుప్పెడయ్యాయి. రెండో బస్తా ఇంకా అన్యాయం. ఆ విత్తనం పోయి ఉంటే దొర్నిపాడులో సగం చేలు మొలిచేవి కావు. ఆ రైతులకు మళ్లీ విత్తుకోవడానికి అదను ఉండేది కాదు.

రెండు నెలలు. నీకు తెలిసి కూడా రెండు నెలలు నా చేత సంతకాలు పెట్టించావు. బెల్టు దగ్గరికి మార్చు, కారణం అడగవద్దు అని రాశావు. ఆ కాగితం మీదే ఇంకొక్క వాక్యం రాస్తే సరిపోయేది.

నాయనకు అంతా చెప్పాను. అందరినీ షెడ్డులోకి పిలిచాడు. “మోసం చేసినారు గదమ్మా మీరు” అన్నాడు.

నరసమ్మ ముందుకొచ్చింది. “మోసమేందప్పా? ఆమెను మధ్యలో పెట్టాలనుకున్యాం. అందరం ఏసినామని మాకేం తెల్సు? తెలిసుంటే ఫస్టు రానిస్తుమా?”

మా చిన్నాయనకు నవ్వొచ్చింది. నాయనకు రాలేదు. రామలక్ష్మమ్మ దగ్గరికి వెళ్లి ఆమె అరచేతిలో ఒక శనగ గింజ పెట్టాడు. “ఇది మంచిదా, పుచ్చా?” అని అడిగాడు. ఆమె ఆ గింజను కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. “తెలీదు నాయనా” అంది. షెడ్డులో బెల్టు కూడా ఆపి ఉంది. ఆ మాట అందరికీ వినపడింది. నాకు నాయన మీద కూడా కోపం వచ్చింది, అది వేరే సంగతి.

ఎనిమిది మంది ఉండొచ్చు, ఆమె మాత్రం రాకూడదు అన్నాడు నాయన. కోవెలకుంట్ల సరుకంతా మళ్లీ ఏరాలి. వాళ్లు సరే అన్నట్టు తలలు ఊపి ఇంటికి పోయే వ్యాను ఎక్కారు. ఈరోజు వ్యాను ఖాళీగా వచ్చింది. “ఎవరూ ఎక్కలేదమ్మా, ఇండ్ల ముందర కూసోనుండారు” అన్నాడు తిమోతి. రేపు కూడా రాకపోతే నందికొట్కూరు నుంచి వేరే మనుషులను తెస్తానంటున్నాడు నాయన. రేపు ఒక్కరోజే. ఈ ఉత్తరం ఇప్పుడే తిమోతి చేత పంపుతున్నా, ఆ మాట వాళ్లకు చేర్చు. ఇక వాళ్ల ఇష్టం.

నాకు చెప్పింది నువ్వేనని వాళ్లతో అనలేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలి. గిన్నెల సంగతి వాళ్లు నీకు చెప్పి ఉంటారు. ఆమె కంటి సంగతి, కర్నూలు డాక్టరు ఏమన్నాడో ఆ సంగతి నీకెట్లా తెలుసు? నరసమ్మను అడిగితే, “ఆ పాపకు మేం సెప్పేదేముందమ్మా” అని మొహం తిప్పుకుంది.

చందన


నంద్యాల,
అక్టోబరు 3.

చందనా,

నిన్న వ్యానులో ఎనిమిది మంది ఎక్కారు. నువ్వు చూసే ఉంటావు. ఎట్లా ఎక్కారో మాత్రం నీకు తెలియదు.

మొన్న సాయంత్రం నీ ఉత్తరం చదివాక రామలక్ష్మమ్మ దగ్గర కూర్చున్నాను. లారీ ఆపమని రాసింది నేనేనని చెప్పాను.  “లారీ పోయిందా?” అంది ఆమె.

“పోలేదు.”

“సరే అయితే.”

అంతకుమించి నన్ను ఏమీ అనలేదు. మీ నాయన రేపు ఒక్కరోజే గడువిచ్చాడని కూడా చెప్పాను. లేచి, నా భుజం పట్టుకుని, నరసమ్మ ఇంటికి తీసుకుపొమ్మంది. అందరూ అక్కడే ఉన్నారు. పొయ్యి వెలిగించకుండా కూర్చున్నారు.

“ఏందే, నేనేమన్నా సచ్చినానా? ఇండ్ల ముందర కూసోని ఏడుస్తాండారు” అంది రామలక్ష్మమ్మ.

“నువ్వు ల్యాకుండా మేం పోము” అంది నరసమ్మ.

“పోకుంటే నా కండ్లొస్తాయా? మీ పిల్లోళ్లకు ఎవురు పెడతారు, నేనా? నాకోసరం ఇన్నాళ్లు ఏరినారు. సాలు. ఇంగ మీకోసరం ఏరుకోండి.”

“మళ్ల నువ్వు?”

“నేనా? ఫస్టొచ్చినదాన్ని. నాకేమే తక్కువ?”

ఎవరో నవ్వారు. తర్వాత నరసమ్మ ఏడ్చింది. ఆ నవ్వినామె కూడా ఏడ్చింది. పొద్దున వ్యాను హారన్ కొట్టగానే ముందు ఎక్కింది నరసమ్మే. లోపల ఒక సీటు ఖాళీ వదిలి కూర్చున్నారట. తిమోతి చెప్పాడు.

నీ కోపం న్యాయమే. ఆ ఒక్క వాక్యం నేను రాయలేదు. రాయాలని ప్రతిసారీ కూర్చున్నాను. నీ సంతకమూ వాళ్ల పనీ నా బల్ల మీద ఎదురెదురుగా ఉండేవి. నేను కాగితం మడిచేదాన్ని. నీకు మళ్లీ నా ఉత్తరాలు చదవాలని లేకపోతే ఇదే చివరిది అనుకో. వాళ్ల ఎనిమిది మంది మీద మాత్రం కోపం ఉంచుకోవద్దు. మీ కోవెలకుంట్ల సరుకు వాళ్లు మంచిగా ఏరతారు.

రామలక్ష్మమ్మకు పని ఇమ్మని అడగడం లేదు. కేంద్రం సాయం ఆమెకు ఇక ఉండదు. ఆమెను మిల్లు వెనక్కి పంపిందని తెలిసి ఈరోజు సందీప్ గారు ఫోన్ చేసి, రికార్డులో ఆ మాట రాయమన్నారు. ఆమె పేరు ఎదురుగా ‘తప్పు సమాచారం ఇచ్చి చేరినందున సాయం నిలిపివేయడమైనది’ అని నేనే రాశాను.

ఆమె కంటి సంగతి నాకెట్లా తెలుసని అడిగావు. కర్నూలుకు ఆమెను తీసుకెళ్లింది నేనే. మా ఇంట్లో బియ్యం ఏరేది ఆమె. ఏరాక చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్తుంది. ఆమె తిరిగి వచ్చేలోపు నేను మళ్లీ ఏరతాను. రామలక్ష్మమ్మ మా జేజి, మా నాయన తల్లి.